సమావేశము తిరుగవలెను

మన కళాశాల సేవాసంఘపు నియమావళిని సవరింపవలెనను ప్రతిపాదన ఈ సంవత్సరము సభ్యుల ముందుకు వచ్చినది. ముసాయిదా రెండు పుటలకు మించలేదు. అందులో నాలుగు సవరణలు కలవు. మొదటిది, ప్రతి శనివారము జరుగవలసిన సమావేశమును నెలకు ఒకసారికి తగ్గించి, తక్కిన వ్యవహారమంతయు ఫోనులోని వాట్సాప్ బృందము ద్వారా నడుపుట. రెండవది, వరుసగా నాలుగు సమావేశములకు రానివారి సభ్యత్వము రద్దగునను నియమమును తొలగించుట. మూడవది, సంవత్సరపు చందాను 50 రూపాయలనుండి 200 రూపాయలకు పెంచుట. నాలుగవది, సంఘపు నివేదికలను ఇకమీదట ఆంగ్లములో మాత్రమే వ్రాయుట.

ఈ విషయముపై వార్షిక సంచికకు వ్యాసము వ్రాయుచున్నానని చెప్పగా కొందరు మిత్రులు నవ్వినారు. నియమావళి యనగా బీరువాలో దాచిపెట్టు కాగితమని మనలో చాలమంది అభిప్రాయము. రెండు సంవత్సరముల క్రితము నేనును అట్లే తలచినాను. సహాయ కార్యదర్శినై ఆ కాగితమును నా చేతులతో అమలు జరిపిన పిదప నా అభిప్రాయము మారినది. దానికి రెండు సంఘటనలు కారణము. వానిని ఉన్నవి ఉన్నట్లుగా పాఠకుల ముందు ఉంచి, పిమ్మట సవరణలను గూర్చి నా మనవి విన్నవించుకొందును.

గత సంవత్సరము మా సంఘములో ఆత్మకూరు వైపు పల్లెనుండి వచ్చు ఒక సోదరి సభ్యురాలుగా ఉన్నది. సాయంకాలము ఇల్లు చేరిన పిదప, తన వాడలోని స్త్రీలను ఎనిమిది పదిమందిని కూర్చుండబెట్టుకొని అక్షరములు దిద్దించెడిది. వేలిముద్ర వేయు తల్లులు తమ పేరు తాము వ్రాయవలెనని ఆమె కోరిక. ఆ పనికి సంఘమునుండి ఆమె తీసుకొన్నవి ఒక పలకల కట్ట, రెండు సుద్దముక్కల డబ్బాలు మాత్రమే. మన సమావేశము శనివారము సాయంత్రము నాలుగున్నరకు. ఆమె పల్లెకు పోవు బస్సు ఐదు గంటలకు. అది తప్పినచో చీకటి పడిన తరువాత గాని ఇల్లు చేరుట కుదరదు. 2023 డిసెంబరు 9 నుండి మన రాష్ట్రములో స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో చార్జీ అక్కరలేకపోయినది. అది ఎందరో విద్యార్థినులకు మేలు చేసినది. కాని చార్జీ లేకుండుట వేరు, వేళకు బస్సు ఉండుట వేరు.

ఆమె వరుసగా నాలుగు శనివారములు రాలేదు. నియమము ప్రకారము ఆమె పేరు కొట్టివేయబడినది. ఆ పేరును సభలో చదివినది నేనే. సోమవారమునాడు గ్రంథాలయపు మెట్లమీద ఆమె నన్ను ఆపి అడిగినది: "అన్నా, నేను పనికి రాకుంటినా? మీటింగుకే గదా రాలేదు. మీటింగు సరిగ్గ మా బస్సు టైముకే ఎందుకు పెట్టిండ్రు?"

నావద్ద జవాబు లేకపోయినది. ఆ వేళ ఎవరు నిర్ణయించినారో, ఎప్పుడు నిర్ణయించినారో కూడ నాకు తెలియదు. పాత పుస్తకములు తిరుగవేసి చూడగా, ఆ నియమము వ్రాయబడిన దినమున సంతకములు చేసినవారందరు పట్టణములోనే నివాసమున్నవారని తెలిసినది. వారు చెడ్డవారు కారు. తమకు బస్సు లేదు గనుక బస్సు సంగతి వారికి తోచలేదు, అంతే.

రెండవ సంఘటన ఈ సంవత్సరము సంక్రాంతి సెలవుల తరువాత జరిగినది. పరీక్షలు, సెలవులు కలిసి వచ్చుటచేత మన సమావేశములు ఏడు వారములు జరుగలేదు. ఒక ఉదయమున ఒక బాలింతకు ఓ నెగటివ్ రక్తము అత్యవసరముగా కావలెనని మన బృందమునకు సందేశము వచ్చినది. ఓ నెగటివ్ మన దేశములో అరుదైన వర్గము. బృందములో 64 మంది సభ్యులున్నారు. గంట గడువకముందే చాలమంది ఆ సందేశమును చూచినారు. కొందరు జోడించిన చేతుల బొమ్మను పెట్టినారు. నేను ఆనాడు గద్వాలలో బంధువుల ఇంట ఉన్నాను. పదకొండు గంటలకు సందేశము చూచి, పట్టణములో ఉన్నవారెవరైనను పోవుదురులే యని తలచి ఫోను జేబులో వేసుకొన్నాను. పట్టణములో ఉన్నవారు, ఆ పుస్తకము చూచుకొను కార్యదర్శులెవరైనను పోవుదురులే యని తలచినారట. మధ్యాహ్నము మూడు గంటల వరకు ఎవరును పోలేదు.

మన రక్తదాతల పుస్తకములో ఆ వర్గమువారి పేర్లు ఐదు ఉన్నవి. ఇద్దరు చదువు ముగించి వెళ్లిపోయినవారు. ఒకనికి ఫోను నంబరు మారినది. ఒకడు గత నెలలోనే రక్తమిచ్చినవాడు; మన దేశపు నియమముల ప్రకారము ఒకసారి రక్తమిచ్చిన పురుషుడు 90 దినములు, స్త్రీ 120 దినములు గడచిన గాని మరల ఇయ్యరాదు. ఐదవవాడు వసతిగృహములో ఉండు నాగర్‌కర్నూలు వైపు విద్యార్థి. అతనిది బటన్ల ఫోను. అందులో వాట్సాప్ లేదు. శనివారపు సమావేశమునకు తప్పక వచ్చి వెనుక బల్లపై కూర్చుండువాడు. సమావేశములు ఆగిపోగానే అతడు సంఘపు కంటికి కనబడకుండ పోయినాడు. చివరకు ఎవరో వసతిగృహమునకు పోయి చెప్పగా, అతడు నాలుగు గంటలకు వెళ్లి రక్తమిచ్చివచ్చినాడు. తల్లి, బిడ్డ క్షేమముగా ఇల్లు చేరినారు. కాని ఆ ఐదు గంటల ఆలస్యమునకు మనము భగవంతునికి కృతజ్ఞతలు చెప్పుకొని మరచిపోవుట తగదు. ఆ తప్పులో నా వాటా నాకున్నది.

ఈ రెండు సంఘటనలు పైకి పరస్పర విరుద్ధములుగా కనబడును. మొదటిది చూచినవారు, హాజరు నియమము క్రూరమైనది, దానిని తీసివేయుడని అందురు. రెండవది చూచినవారు, సమావేశము లేనిచో సంఘము లేదు, నియమమును బిగింపుడని అందురు. నిజమునకు రెండును ఒకే విషయమును చెప్పుచున్నవి. రక్తదాతల పుస్తకము వంటిది వారమువారము తిరుగవేసి చూచినప్పుడే ప్రాణము నిలుపును. అందుకు మనుష్యులు కూడవలెను. ఆ కూడు చోటు, కూడు వేళ కొందరికే అనుకూలముగా ఉన్నచో, మిగిలినవారు కాలక్రమమున బయట మిగిలిపోవుదురు. కాబట్టి కూడవలెనను కట్టుబాటు నిలువవలెను. ఎక్కడ, ఎప్పుడు కూడవలెననునది మారవలెను. మన ముసాయిదా దీనికి తలక్రిందులుగా ఉన్నది. కట్టుబాటును సడలించి, వేళను మాత్రము అట్లే ఉంచినది.

సేవాసంఘములలో ఈ ప్రశ్న మనకే మొదటిసారి వచ్చినది కాదు. మన పట్టణములలో కంటి శిబిరములు, రక్తదాన శిబిరములు అనగానే రోటరీ, లయన్స్ అను పేర్లు వినబడును. అందులో రోటరీ చరిత్ర మన చర్చకు మిక్కిలి ఉపయోగపడును. 1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని చికాగో నగరములో పాల్ హారిస్ అను న్యాయవాది, ఒక బొగ్గు వర్తకుడు, ఒక గనుల ఇంజనీరు, ఒక దర్జీ కలిసి ఒక గదిలో కూర్చున్నారు. తరువాతి సమావేశము మరియొకని కార్యాలయములో, ఆ తరువాతిది ఇంకొకని దుకాణములో. ఇట్లు సమావేశము సభ్యుల చోట్లను చుట్టి తిరుగుచుండుటవలననే ఆ సంఘమునకు రోటరీ అను పేరు వచ్చినది. తిరుగునది అని దాని భావము. మొదట ఒకరికొకరు తోడుగా ఉండుటకు ఏర్పడిన ఆ మిత్రులు కొలది సంవత్సరములలోనే నగరములో ప్రజల కొరకు మరుగుదొడ్లు కట్టించుటకు పూనుకొన్నారు. మనదేశములో ఆ సంఘపు మొదటి శాఖ కలకత్తాలో ఏర్పడి శతాబ్దము దాటినది.

కాలక్రమమున ఆ సంఘములో వారపు సమావేశము ఒక కఠినమైన కట్టుబాటైనది. సరియైన కారణము లేక వరుసగా నాలుగు సమావేశములకు రానివాని సభ్యత్వము పోవును. మన నియమావళిలోని నాలుగు అను సంఖ్య అక్కడినుండి వచ్చినదేమో యని నా ఊహ. అయితే మనము వారి శిక్షను తెచ్చుకొని, దానిప్రక్కన వారు పెట్టుకొన్న దయను తెచ్చుకొనలేదు. స్వంత ఊరిలో సమావేశము తప్పిపోయిన సభ్యుడు మరియొక ఊరి శాఖకు పోయి కూర్చున్నను, సంఘపు సేవాకార్యములో పాల్గొన్నను ఆ లోపము పూరింపబడినట్లే లెక్క. ఆ సదుపాయమే మనకుండినచో ఆ సోదరి పలకలు దిద్దించిన ప్రతి సాయంకాలము ఆమెకు హాజరై యుండెడిది.

2016లో రోటరీ శాసనమండలి ఈ కట్టుబాటును తిరిగి పరిశీలించినది. మూడు సంవత్సరములకొకసారి కూడు ఆ మండలి, సమావేశముల వేళను, తీరును నిర్ణయించుకొను స్వేచ్ఛను శాఖలకు ఇచ్చినది. హాజరు విషయములోను సడలింపులు కలిగించినది. అయినను నెలకు కనీసము రెండుసార్లు కూడి తీరవలెనను హద్దును ఉంచినది. శతాబ్దమునకు పైగా అనుభవము గల సంఘము తన కట్టుబాటును సడలించునప్పుడు కూడ ఎక్కడ ఆగినదో మనము గమనింపవలెను.

ఒక వారము కూడినంత మాత్రమున లోకము మారునా యని అడుగువారికి ఒక్క ఉదాహరణము చాలును. పోలియో నిర్మూలనకు రోటరీ 1985లో ఉద్యమము ఆరంభించినది. మన దేశములో చివరి పోలియో రోగి 2011 జనవరి 13న హౌరా ప్రాంతమున గుర్తింపబడినది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్యసంస్థ మన ప్రాంతము పోలియో లేనిదని ధ్రువపరచినది. ఈ విజయములో పెద్ద భాగము ప్రభుత్వ ఆరోగ్య సిబ్బందిది, ఇల్లిల్లు తిరిగిన అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలది. ఐనను స్వచ్ఛంద సేవకుల వాటా కూడ చిన్నది కాదు. ఇరువది యైదు సంవత్సరములు ఒకే పనిని వదలక పట్టుకొనుటకు ఉత్సాహము చాలదు. ఉత్సాహము తగ్గిన దినమున కూడ మనిషిని ఆ గదికి రప్పించు అలవాటు కావలెను.

మన ప్రాంతమునకు వత్తము. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలును, ఆలంపూరును, రాజోలిని ముంచివేసినది. రాజోలిలో నేతగాండ్ర ఇండ్లు కూలిపోయినవి. మగ్గములు బురదలో పూడిపోయినవి. నేనప్పుడు ఊహ తెలియని పసివాడను. గద్వాలలోని మా పెద్దలు ఆ దినములను తలచుకొనునప్పుడు ఒక మాట చెప్పుదురు: నీరు వచ్చినాడు ఎవరి ఇంట ట్రాక్టరున్నదో, ఎవరు ఈదగలరో, ఎవరివద్ద పెద్ద వంటపాత్రలున్నవో ముందుగా తెలిసినవారే పనికివచ్చినారని. వరద సమావేశపు దినము చూచుకొని రాదు. కాని వరదనాడు కావలసిన ఆ తెలివిడి వారమువారము ఒకరి ముఖమొకరు చూచుకొనువారికే ఉండును. ఫోను వార్తను క్షణములో అందరికి చేరవేయును. అది గొప్ప మేలు. అయితే అరువదినాలుగు మందికి ఒక్కసారి చెప్పిన పని ఎవరికిని చెప్పని పనియే యగునని మాకు సంక్రాంతి తరువాత తెలిసివచ్చినది. నీవు పోవుదువా యని ఒకని పేరు పెట్టి అడుగుటకు ఒక గది కావలెను.

ఇక బయట మిగిలిపోవువారి సంగతి. రోటరీ నియమావళిలో సభ్యులు పురుషులై యుండవలెనని చాలకాలము వ్రాయబడి యున్నది. వ్రాసినవారికి అందులో అన్యాయమున్నదని తోచలేదు. 1977లో కాలిఫోర్నియాలోని డువార్టే అను చిన్న పట్టణపు శాఖ, సభ్యులు తగ్గిపోవుచున్న స్థితిలో, ముగ్గురు స్త్రీలను చేర్చుకొన్నది. మరుసటి సంవత్సరము కేంద్ర సంఘము ఆ శాఖ గుర్తింపును రద్దు చేసినది. శాఖ న్యాయస్థానమునకు ఎక్కినది. 1987 మే నెలలో అమెరికా అత్యున్నత న్యాయస్థానము డువార్టే పక్షమున తీర్పు చెప్పినది. ఆ సంవత్సరమే లయన్స్ సంఘమును స్త్రీలకు తలుపులు తెరచినది. 1989లో రోటరీ శాసనమండలి ఆ ఒక్క మాటను నియమావళినుండి తొలగించినది. 2022లో జెన్నిఫర్ జోన్స్ ఆ ప్రపంచ సంఘమునకు తొలి మహిళాధ్యక్షురాలైనది. ఒక్క మాట తీసివేయుటకు ఇన్ని సంవత్సరములు పట్టినది. మన నియమావళిలో స్త్రీలు రాకూడదని ఎక్కడను లేదు. నాలుగున్నర గంటలకు అని మాత్రమే ఉన్నది. కాని పల్లెలనుండి వచ్చు మా సోదరీమణులకు ఆ రెండు మాటలకును పెద్ద భేదము లేదు.

చందా విషయమును ఇట్లే చూడవలెను. 1920 డిసెంబరులో నాగపూరులో కూడిన భారత జాతీయ కాంగ్రెసు, గాంధీజీ నాయకత్వమున తన నియమావళిని మార్చుకొన్నది. నాలుగణాలు చెల్లించి ఆశయమును అంగీకరించినవారందరికి సభ్యత్వమన్నది. అంతకుముందు న్యాయవాదులు, విద్యాధికులు కూడు సభ, ఆ తరువాత రైతుల, కూలీల గడపలకు పోయినది. చందా తగ్గుట ఒక్కటే దానికి కారణమని నేననను. అయితే తలుపు వెడల్పు కానిదే జనము లోపలికి రాలేదు. కూలి చేసుకొను ఇంటిలో 200 రూపాయలనగా ఒక దినపు సంపాదనలో పెద్దభాగము. వలస పోవు కుటుంబములు ఎక్కువగా ఉన్న పాలమూరు నేలపై ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు. చందా పెంచి కొనదలచినవేమిటో ముసాయిదా వెనుక పుటలో ఉన్నది: ఒక పెద్ద బ్యానరు, అతిథులకు శాలువలు, జ్ఞాపికలు. మన అతిథులు పెద్ద మనస్సు గలవారు. శాలువ లేకున్నను వారు వత్తురని నా నమ్మకము.

చివరి సవరణ భాషను గూర్చినది. ఉర్దూ, తెలుగు రెండింటి నీడలో చదువుకొను మనకు ఈ విషయమున ప్రత్యేక బాధ్యత కలదు. సంఘపు పనిలో మనము దినమును వాడు మాటలు చూడుడు. హాజరు, చందా, వాయిదా, మంజూరు, రాజీనామా – ఇవన్నియు ఉర్దూ బాటన తెలుగు ఇండ్లలోకి వచ్చి స్థిరపడినవి. ఉర్దూ మిత్రులు ఖిద్మతె ఖల్క్ అనునదియు, తెలుగువారు ప్రజాసేవ యనునదియు ఒక్కటే. ఇట్టి పొత్తు గల చోట నివేదికను ఇద్దరిలో ఏ ఇంటివారికిని రాని భాషలో మాత్రమే వ్రాయుట వింతగా ఉన్నది. ఆంగ్లము అక్కరలేదని నా అభిప్రాయము కాదు. ఉద్యోగమునకు, పై చదువులకు అది కావలెను. కాని మన సేవ అందుకొనువారు ఎవరు? 2011 జనాభా లెక్కలలో నాటి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతము. అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింటిలోను అది అట్టడుగు. 2016 అక్టోబరు 11న ఆ జిల్లానుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు జిల్లాలుగా ఏర్పడినవి. మన నివేదికను తన బిడ్డచేత చదివించుకొని వినగోరు తండ్రికి అది తెలుగులోనో ఉర్దూలోనో ఉండవలెను.

భాష కారణమున మనిషి సభలో చిన్నబోవుట ఎట్టిదో మన పెద్దలకు తెలియును. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినీ నాటకశాలలో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అను న్యాయవాది తెలుగులో మాట్లాడబోగా సభికులలో కొందరు గేలి చేసినారు. ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. ఆ సంఘమే పెరిగి ఆంధ్రమహాసభ యైనది. 1930లో జోగిపేటలో జరిగిన తొలి మహాసభకు అధ్యక్షత వహించిన సురవరము ప్రతాపరెడ్డిగారు మన గద్వాల ప్రాంతపు బిడ్డ; 1952 ఎన్నికలలో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైనవారు. ఉర్దూ, ఫారసీ భాషలను బాగుగ నేర్చిన ఆయన 1926లో గోలకొండ పత్రికను తెలుగులో స్థాపించినారు. ఒక భాషను ప్రేమించుటకు మరియొక భాషను తక్కువ చేయనక్కరలేదని ఆయన జీవితము మనకు చెప్పుచున్నది. మన నివేదిక పుస్తకములో ఎడమ పుట తెలుగునకు, కుడి పుట ఉర్దూకు ఇచ్చినచో ఇద్దరికిని సమగౌరవము. ఉర్దూ కుడినుండి మొదలగును గనుక రెండు వ్రాతలును పుస్తకపు అంచులనుండి మొదలై నడుమ కలిసికొనును.

నియమములు మార్చు విధానమును గూర్చి ఒక్క మాట. ఈ ముసాయిదాను చదివిన దినమున గదిలో ఉన్నది పదకొండుమంది. తక్కినవారికి ముందు తెలుపలేదు. 1860 నాటి సంఘముల రిజిస్ట్రేషన్ చట్టములో, ఒక సంఘము తన ఉద్దేశములను మార్చుకొనదలచినచో ఆ ప్రతిపాదనను పది దినములు ముందుగా ప్రతి సభ్యునికి వ్రాతమూలముగా అందజేయవలెననియు, సభ్యులలో అయిదింట మూడు వంతులు ఒప్పుకొనవలెననియు, ఒక నెల గడచిన పిదప రెండవ సమావేశములో హాజరైన సభ్యులలో అయిదింట మూడు వంతులు మరల స్థిరపరచవలెననియు ఉన్నది. మన సంఘము రిజిస్టరైనది కాదు గనుక చట్టము మనలను కట్టదు. కాని ఆ ఒక నెల వ్యవధిలో ఉన్న వివేకము మనకును అవసరమే. తొందరలో చేసిన నియమమునకు బయట మిగిలినవారు ఎవరో ఆ నెలలో బయటపడుదురు.

ఇన్నిటిని ఆలోచించి, గౌరవనీయులైన కళాశాల పాలకవర్గము వారికిని, సోదర విద్యార్థులకును నేను చేయు మనవి ఇది. సమావేశములు నెలకు రెండు జరుగవలెను. అందులో ఒకటి కళాశాలలోనే, బుధవారము మధ్యాహ్న భోజన విరామమున. శుక్రవారము జుమా నమాజు వేళకు గాని, రంజాను మాసపు ఇఫ్తారు వేళకు గాని సమావేశము పెట్టరాదు. రెండవది తిరుగవలెను: ఒక నెల ఆత్మకూరు వైపు, ఒక నెల పెబ్బేరు వైపు, ఒక నెల కొత్తకోట వైపు, సభ్యుడో సభ్యురాలో ఉన్న ఊరి అరుగు మీద. సంవత్సరమునకొకసారి గద్వాలలోను, నాగర్‌కర్నూలులోను ఇట్టి పని చేయు విద్యార్థులతో కలిసి కూర్చుండవలెను. రక్తదాతల పుస్తకము మూడు పట్టణములకు ఒకటైనచో ఐదు పేర్లు పదునైదగును.

హాజరు నియమము నిలువవలెను. కాని సేవాకార్యము చేసి పుస్తకములో వ్రాసినవారికి అది హాజరుగా లెక్కింపవలెను. ఎవరి పేరైనను కొట్టివేయుటకు ముందు ఒక సభ్యుడు స్వయముగా పోయి కారణము అడుగవలెను. ప్రతి సమావేశమున రక్తదాతల పుస్తకమును మొదట తెరచి, గడువు తీరినవారిని, వెళ్లిపోయినవారిని, క్రొత్తగా వచ్చినవారిని సరిచూడవలెను. చందా 50 రూపాయలే ఉండవలెను. అదియు ఇయ్యలేనివారిని అడుగరాదు. నివేదిక రెండు భాషలలోను ఉండవలెను. పాలకవర్గము కోరినచో ఆంగ్లములో సంగ్రహము చేర్చవచ్చును. ఈ సవరణలను సైతము నేను ఒక్క సమావేశములో ఆమోదింపుడని కోరను. పది దినముల ముందు అందరికి పంచి, నెల విడిచి రెండుసార్లు చర్చింపుడు. రాలేనివారు వ్రాసి పంపిన అభిప్రాయమును సభలో చదువుడు.

ఇవి అతిగా ఉన్నవని కొందరు అనవచ్చును. 1969 సెప్టెంబరు 24న ఆరంభమైన జాతీయ సేవాపథకములో చేరిన విద్యార్థి సంవత్సరమునకు 120 గంటలు సేవకు ఇయ్యవలెను. దానితో పోల్చినచో నెలకు రెండు సమావేశములు పెద్ద భారము కాదు. చదువుకు భంగమనువారు, ఫోనులో మనము పోగొట్టుకొను సాయంకాలములను ఒకసారి లెక్కించుకొందురు గాక. సేవ హృదయమునుండి రావలెను గాని నియమమునుండి కాదనువారును కలరు. వారి మాటలో సత్యమున్నది. కాని ఆ ఉదయమున నా హృదయములో జాలి లేకపోలేదు. జాలి ఉన్నది, ఫోనును జేబులో వేసుకొన్నాను. నా పేరు పిలిచి పని అప్పగించువారు అక్కడ లేరు.

నా పదవీకాలము ఈ విద్యాసంవత్సరముతో ముగియుచున్నది. సవరణలపై ఓటు వేయు దినమున నేను ఉందునో లేదో తెలియదు. ఆ సోదరిని మొన్న కలిసి, తిరిగి సంఘములో చేరుదువా యని అడిగినాను. "మీటింగు ఒక్కసారన్న మా ఊర్ల పెట్టుండ్రి, చూద్దాం" అన్నది. ఆమె వద్ద చదువుకొను స్త్రీలలో ఆరుగురు ఇప్పుడు తమ పేరు తాము వ్రాయుచున్నారట. మన హాజరు పుస్తకమును ఆ ఊరికి తీసుకొనిపోయినచో, అందులో ఆ ఆరు సంతకములకు చోటు చూపవలసినవారము మనమే.